చెక్కిన చక్రం

చిల్కానగర్‌లో మా గల్లీలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ముందు పాస్టరుగారికి ఫోన్ చేస్తారు, ఆ తరువాత నాకు కబురు పంపుతారు. పాస్టరుగారు వాక్యం చదువుతారు. నాకు చదువు సంతకం వరకే. నా పని వేరు. మంచం చుట్టూ చేరినవాళ్ళ నోళ్ళు మూయించడం నా పని. పోయే మనిషిని పిలవకూడదు. "అమ్మా, ఒక్కసారి చూడే", "నాన్నా, పోకు" అని పిలిస్తే గడప దాటబోయిన ప్రాణం వెనక్కి తిరిగి చూస్తుంది. లోపలికి రానూ లేదు, బయటికి పోనూ లేదు. ఆ నడుమ అది ఎంత నలుగుతుందో నేను చూశాను. జనగామ దగ్గర మా ఊళ్ళో మా అత్త నాకు నేర్పిన సంగతి ఇది. ఏ మతంవాళ్ళ ఇల్లయినా సరే, ఈ ఒక్క విషయంలో మా వైపు అందరిదీ ఒకటే మాట.

నా పేరు రూతమ్మ. నోరు తెరిస్తే మూయనని మా కోడలు కృప అంటుంది. నిజమే. కానీ మంచం దగ్గర నా అంత మౌనంగా ఎవరూ ఉండలేరు. నా కొడుకు బెంజమిన్ పోయిన తెల్లవారుజామున కూడా కొంగు నోట్లో కుక్కుకొని కూర్చున్నాను.

ఇప్పుడు చెప్పేది వాడి బండి సంగతి.

బెంజమిన్ నాచారంలో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. వాడి మోటారుసైకిల్ పాతది, ఒకటే సిలిండర్. దాని చప్పుడు మా గల్లీకంతా తెలుసు. దడ్, దడ్, దడ్ అని, తొందర లేని ముసలాయన మెట్లు ఎక్కుతున్నట్టు ఉండేది. తాళం తీసినా వెంటనే ఆగేది కాదు, లోపల ఏదో ఇంకాస్త దొర్లి, అప్పుడు సద్దుమణిగేది. ఆ దొర్లుడు విని నేను పైన పొయ్యి మీద పెనం పెట్టేదాన్ని.

వాడు జబ్బుపడి పోయాక బండి కింద షట్టర్ గదిలో ఉండిపోయింది. సొంతంగా ఒక మిషన్ పెట్టుకుందామని వాడు కట్టించుకున్న గది అది. మిషన్ రాలేదు, బండే మిగిలింది. మా మనవరాలు దీవెన డిప్లొమా ముగించి నాచారంలోనే ఒక కంపెనీలో కుదిరాక, దుమ్ము దులిపి దాన్ని బయటికి తీసింది.

ఒకరోజు పొద్దున నేను దాని టిఫిన్ డబ్బా సర్దుతుంటే చెప్పింది.

"నాయినమ్మా, నాన్న బండికి ఫ్లైవీల్ చెక్కిస్త."

"గదేందే?"

"ఇంజన్ పొట్టల ఇనుప చక్రం ఉంటది. మస్తు బరువు. దానికే బండి లేస్తలేదు. మొన్న ఉప్పల్ సిగ్నల్ కాడ ముసలాయన ఒకడు, స్కూటీ మీద కూరగాయల సంచి వెట్టుకోని, నన్ను దాటిపోయిండు. ఎనక్కి తిరిగి నవ్విండు గూడ."

"నవ్వితే నవ్విండు. మీ నాయన అదే చక్రంతోని నిన్ను బడికి దింపిండు, నన్ను చర్చికి దింపిండు. ఒక్కనాడన్న ఆలస్యమైందా?"

"రోజూ అయింది. నువ్వే మర్సిపోయినవ్."

ఇక దానితో వాదించి లాభం లేదు. నేను కూడా వస్తానన్నాను. నా కొడుకు బండి పొట్ట విప్పుతుంటే చూడకుండా ఎట్లా ఉంటాను?

తిరుపతి షాపు నాచారంలో, మందుల కంపెనీ గోడ వెనక గల్లీలో ఉంటుంది. ఇద్దరూ జతగా పక్కపక్క మిషన్ల మీద నిలబడి పని నేర్చుకున్నవాళ్ళే, తిరుపతి, మా వాడూ. దీవెన అతన్ని 'కాకా' అని, సొంత బాబాయిలా పిలుస్తుంది. నేను వెళ్ళేసరికి ఇంజన్ విప్పి ఉంది. బల్ల మీద రెండు ఇనుప పళ్ళేలు, ఆ చక్రం తాలూకు జత, నూనెతో తడిసి మెరుస్తున్నాయి. ఒకదాని మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా, నిండుగా, నిద్రపోతున్న పశువు మీద చెయ్యి వేసినట్టు ఉంది.

"పెద్దమ్మా, ఇసుర్రాయి ఎర్కేనా నీకు?" అన్నాడు తిరుపతి.

"ఇసుర్రాయి కాడనే పెరిగిన. నాకే జెప్తున్నవా?"

"మీది రాయి బరువుంటే ఏమైతది?"

"తిప్పుడు మొదలువెట్టేటప్పుడు భుజాలు గుంజుతయి. ఒక్కసారి తిరుగుడు వడ్డదంటే చెయ్యి దీసినా అదే తిరుగుతది."

"తేలిక రాయి అయితే?"

"చిన్న పోరి గూడ గిర్రున తిప్పుతది. గానీ పిడికెడు జొన్నలు వోయంగనే ఆడనే నిలవడ్తది."

"అయిపాయె. ఇగ నువ్వు నా కుర్సీల గూసో, నేను పోయి జొన్నలు ఇసురుత," అని నవ్వి, దీవెన వైపు తిరిగాడు. "ఇన్నవా బిడ్డా? చెక్కితే లాభమే. రేజ్ ఇయ్యంగనే లేస్తది, ఇడువంగనే దిగుతది. గేర్లు చకచక పడ్తయి. గానీ నిదానంగ పోతే వణుకుతది. ఎత్తు ఎక్కనీకె దమ్ము సాలదు. సిగ్నల్ కాడ ఆగిపోతది. మరీ సన్నగ చెక్కితే స్పీడుల పగుల్తది. పగిలితే నీ కాళ్ళ నడుమనే పగుల్తది."

"సన్నగ వద్దు. కొంచెమే తియ్యి."

"ఇంకోటి ఇను. ఇంజన్ ఒక దెబ్బ గొడ్తది. మళ్ళ దెబ్బ గొట్టేదాంక అది సచ్చినట్టే. ఆ సందుల దాన్ని నడిపేది పెట్రోల్ గాదు, గీ బరువు. గిదే దాన్ని చెయ్యి వట్టుకోని అవతలి దెబ్బకు దాటిస్తది. బరువు దీసేస్తే ఆ సందుల ఎవ్వరుండరు."

"కాకా, నువ్వు లీడరయినట్టు స్పీచులియ్యకు. చెక్కు."

తిరుపతి చక్రాన్ని లేత్‌కు బిగించి చెక్కాడు. చక్రానికి ఉలి ఆనగానే లేచిన కూతకు నా పళ్ళు జివ్వుమన్నాయి. నల్లటి ఇనుప రజను జలజలా రాలింది. ప్రతి చుట్టులో ఒకే చోట ఆ కూత చిన్నగా ఆగి మళ్ళీ లేస్తోంది. ఊపిరి పట్టి విడిచినట్టు. "ఆడ ఇనుము జర గట్టిగున్నది," అన్నాడు తిరుపతి.

మొదట్లో దీవెన కాళ్ళు నేల మీద లేవు. బండి నిజంగానే ఎగిరింది. చప్పుడే మారిపోయింది. మెట్లెక్కే ముసలాయన పోయి, గోడ దూకే కుర్రవాడు వచ్చాడు. కానీ తాళం తీయగానే టక్కున ఆగిపోయేది. ఆ దొర్లుడు లేదు. నేను పెనం పెట్టే వేళ తప్పిపోయి, దీవెన పైకి వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉండేది.

తిరుపతి చెప్పిన నష్టం కూడా వెంటనే వచ్చింది. ఉప్పల్‌లో మెట్రో కింద, సరిగ్గా పచ్చలైటు పడే వేళకు బండి ఆగిపోయేది. వెనక బస్సులు హారన్లు. "కాలు వడిపోయింది నాయినమ్మా, కిక్కు గొట్టి గొట్టి," అని రోజూ తిట్టుకుంటూ వచ్చేది. నేను కొబ్బరినూనె వేడి చేసి పిక్కలకు రాసేదాన్ని.

తరువాత తిట్లు ఆగిపోయాయి. బండి ఆగిపోవడం మానేసింది.

"సరిజేయించినవా?" అని అడిగాను.

"లేదు. దానంతటదే సక్కగైంది," అంది నా వైపు చూడకుండా.

తిరుపతికి ఫోన్ చేస్తే, తాను ముట్టనే లేదన్నాడు. రెండు రోజులకు పని దిగాక వచ్చాడు. షట్టర్ గదిలో బండి స్టార్టు చేయించి, స్క్రూ ఒకటి తిప్పి చప్పుడు తగ్గించాడు. "ఇగ సస్తది సూడు," అన్నాడు. చావలేదు. ఇంకా తిప్పాడు. దడ్. ఆగింది. దడ్. ఇంకా తిప్పాడు. స్క్రూ చివరికంటా వచ్చేసింది.

దడ్.

బయట కొబ్బరిబోండాల బండివాడు ఎవరితోనో బేరమాడుతున్నాడు.

దడ్.

"గింత నిదానంగ బరువు చక్రం గూడ తిరగదు," అన్నాడు తిరుపతి. "గిది తిరగొద్దు." ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేశాడు. తాళం తిప్పి చేతిలోకి తీసుకున్నాడు. తాళం చేతిలోకి వచ్చాక కూడా ఒక దెబ్బ పడింది. "లోపల బొగ్గు పేరుకోని ఎర్రగ కాగుతది. అప్పుడప్పుడు గట్లయితది," అంటూ చేతులు తుడుచుకున్నాడు. వాటికి మురికే లేదు.

ఆ లెక్క నాకు తెలుసు. చిన్నగా మొదలై, పెద్దదై, ఇంకా పెద్దదై, మళ్ళీ తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది. ఇక లేదు అనుకుంటాం. దుప్పటి సర్దబోతాం. అప్పుడు మళ్ళీ ఒకటి. దవాఖానాలో నా కొడుకు ఆఖరి ఊపిరులు అట్లాగే వచ్చాయి. డాక్టర్లు దానికేదో పేరు చెప్పారు. పేరు నాకు గుర్తు లేదు కానీ, చెవుల్లో నుంచి ఆ నడక పోలేదు.

తలెత్తితే దీవెన నన్నే చూస్తోంది.

"నీకు గూడ తెల్సిందా?" అంది మెల్లగా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాళ్ళ నాన్న పోయిన పొద్దున అది ఇంటర్ పరీక్ష హాల్లో ఉంది. రాత్రే దాన్ని మేనత్త ఇంటికి బోడుప్పల్ పంపేశాం. పరీక్ష అయ్యాకే చెబుదామని పెద్దవాళ్ళంతా అనుకున్నారు. అది వచ్చేసరికి బెంజమిన్‌కు ముఖం కడిగి, తెల్లచొక్కా తొడిగి, పెట్టెలో పెట్టాం. పిల్ల ఏడవలేదు. నన్ను పక్కకు పిలిచి ఒక్కటే అడిగింది. "నేను పిలిస్తే ఇనేటోడా?" పోయేవాళ్ళను పిలవకూడదు బిడ్డా అని చెప్పాను. తల ఊపింది. అప్పటినుంచి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మరిచిపోయిందనుకున్నాను.

ఇప్పుడు డ్యూటీ దిగి రాగానే షట్టర్ గదిలోనే ఉంటోంది. బండి నడుస్తుంటే పక్కన చిన్న స్టూలు వేసుకొని, ట్యాంకుకు చెవి ఆనించి కూర్చుంటోంది. షట్టర్ కిందికి లాగేసుకుంటోంది.

"తలుపెందుకే మూస్తవు? పొగ సంపుతది," అన్నాను.

"బయట బస్సుల సప్పుడుకు సందు ఇనవడదు నాయినమ్మా."

"ఏం సందు?"

"దెబ్బకూ దెబ్బకూ నడుమ. తిరుపతి కాక అన్నడు గదా, ఆ సందుల ఎవ్వరుండరని. ఉన్నడు. నేను పిలుస్త. అప్పుడే దెబ్బ పడ్తది. పిలువకుంటే పడదు."

"వాన్ని ఇడిసిపెట్టు బిడ్డా. ఆ చక్రం వాడు మోస్తుండు. దమ్ము తీసుకోనియ్యి."

"నువ్వు ఆరోజు నాన్న కాడ ఉన్నవ్. నేను లేను," అంది. కోపంగా కాదు. కూర అయిపోయింది అన్నట్టు చెప్పింది.

పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి. తలనొప్పి అంటోంది. అన్నం ముందు కూర్చుని వేళ్ళతో గీతలు గీస్తోంది. దువ్వుతుంటే దాని జడలో నుంచి పొగ వాసన. ఒక రాత్రి దాని పక్కన పడుకొని ఊపిరి విన్నాను. చిన్నగా, పెద్దగా, ఇంకా పెద్దగా, తగ్గుతూ తగ్గుతూ, ఆగి. నేను లేచి కూర్చుని దాని ఛాతీ మీద చెయ్యి వేశాను. అప్పుడు మళ్ళీ ఒకటి.

నా కొడుకు నా పిల్లను పిలుస్తున్నాడని నేను అనను. వాడు అట్లాంటివాడు కాడు. పిల్లే వాడిని పట్టుకుంది. మునిగేవాడిని ఒడ్డు మీదివాడు పట్టుకున్నా, ఇద్దరూ నీళ్ళలోకే జారతారు.

పొద్దున్నే కృపకు, పిల్ల తల్లికి, చెప్పాను. కృప మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది, షిఫ్టులు. దెయ్యాల మాటలు దానికి గిట్టవు. కానీ పొగ మాట అర్థమయింది. బండి తాళం తీసి నా చేతిలో పెట్టింది. "అత్తమ్మా, అది కాళ్ళ మీద పడ్డా ఇయ్యకు." కొంగు చివర ముడి వేసుకున్నాను. తిరుపతికి ఫోన్ చేసి, పాత బరువు చక్రాల జత ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమన్నాను. దీవెన అలిగింది. కానీ పనికి బస్సులో పోయి వచ్చింది. షట్టర్ గది ఊరుకుంది.

ఆదివారం వాన పట్టుకుంది. దీవెన తలనొప్పి అని చర్చికి రాలేదు. కృపకు షిఫ్టు. ఆరాధన అయ్యాక నేను గొడుగు వేసుకొని ఇంటికి వచ్చాను. గల్లీలో మనిషి లేడు. మధ్యాహ్నమే, కానీ సాయంత్రంలా మసక. షట్టర్ మూసి ఉంది.

వాన చప్పుడులో మొదట ఏమీ వినిపించలేదు. తరువాత పాదాల కింద తెలిసింది. నేల నుంచి వచ్చింది.

దడ్.

తాళం నా కొంగులో ఉంది. ముడి తడిమి చూసుకున్నాను. ఉంది.

లోపలినుంచి పిల్ల గొంతు. నీరసంగా. "నాన్నా... ఇంకొక్కటి."

దడ్.

షట్టర్ కింద వేళ్ళు దూర్చి లాగాను. దేవుడు ఆ బలం ఎక్కడినుంచి ఇచ్చాడో, మోకాళ్ళ ఎత్తు లేచింది. పాకుతూ లోపలికి దూరాను. నీలం పొగ. కళ్ళు మండిపోయాయి. దీవెన ట్యాంకు మీద చెంప ఆనించి, రెండు చేతులతో బండిని కావలించుకొని ఉంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. పిల్ల "నాన్నా" అంటుంది, దెబ్బ పడుతుంది. దెబ్బ పడ్డప్పుడే పిల్ల ఛాతీ లేస్తుంది. మళ్ళీ సందు. ప్రతి సందూ ముందటి దానికంటే పెద్దది. ఇద్దరూ కలిసి తగ్గుతున్నారు.

నేను దాని నోరు మూశాను. అరచెయ్యి గట్టిగా అదిమిపెట్టాను, ముక్కు వదిలేసి. అది కళ్ళు తెరవలేదు కానీ, నా చేతి కింద పెదవులు కదిలాయి. అదిమాను.

సందు వచ్చింది.

అప్పుడు విన్నాను నేను. ఇంజన్‌లో చప్పుడు లేదు, మంట లేదు. చక్రం మాత్రం తిరుగుతోంది. చెక్కి తేలికైపోయిన ఆ ఇనుము, ఎవరో చేతులతో తోస్తున్నట్టు, మెల్లగా, చాలా మెల్లగా. నా ఒళ్ళంతా ఒకటే అంది: పిలువు. ఒక్కసారి. బెన్నీ అని. వాడి చిన్నప్పటి పేరు నాలుక చివరికి వచ్చి కూర్చుంది. నేను కన్నాను వాడిని. ఒక్కసారి పిలిస్తే ఒక్క దెబ్బ పడుతుంది, అంతే కదా. రెండో చేత్తో కొంగు తీసి నోట్లో కుక్కుకున్నాను. ముడిలోని తాళం పళ్ళకు తగిలింది. ఇనుము రుచి.

చక్రం తిరిగింది. ఇంకా తిరిగింది. ఎత్తు ఎక్కలేక నిలబడిన మనిషిలా ఒక్క క్షణం ఆగింది. కొంచెం వెనక్కి ఊగింది.

అంతే.

వాన మాత్రం వినిపిస్తోంది. పిల్లను జబ్బలు పట్టుకొని, షట్టర్ కిందనుంచి ఈడ్చి, వానలో పడేశాను. దాని ముఖం మీద చినుకులు. అప్పుడు కొంగు తీసేసి, గల్లీ అదిరేలా దాని పేరు పెట్టి అరిచాను. "దీవెనా!" అది పోయేది కాదు. దాన్ని పిలవవచ్చు. ఎన్నిసార్లయినా పిలవవచ్చు. దగ్గు వచ్చింది. ఎదురింటి వాళ్ళు ఆటో తెచ్చారు.

దవాఖానాలో ముక్కుకు గొట్టం పెట్టారు. సాయంత్రానికి కళ్ళు తెరిచింది. చాలాసేపు పైన ఫ్యాను చూసింది.

"నాయినమ్మా, నువ్వెందుకు పిలువలే?"

"పిలిస్తే వచ్చేటోడే బిడ్డా. అందుకే పిలువలే."

అప్పుడు ఏడ్చింది. పరీక్ష హాలు నుంచి వచ్చిన రోజున ఏడవాల్సిన ఏడుపు. నేను ఆపలేదు. కృప షిఫ్టు నుంచి అదే బట్టల్లో పరుగెత్తుకొచ్చి మంచం అంచున కూర్చుంది.

తిరుపతికి మల్లాపూర్ వైపు పాత సామాను కొట్టులో బరువు చక్రాల జత దొరికింది. ఇంజన్ విప్పుతుంటే నేను అక్కడే ఉన్నాను. లోపలికి టార్చి వేసి చూసి, ఆర్పేసి, మళ్ళీ వేశాడు.

"బొగ్గు లేదు పెద్దమ్మా."

"ఏమన్నవ్?"

"బొగ్గు కాగి పేలుతుందన్న గదా. లోపల బొగ్గే లేదు. తుడిసినట్టున్నది." టార్చి జేబులో పెట్టుకుంటూ, "బెంజమిన్ మిషన్ దిగేటప్పుడు గిట్లనే తుడిసేటోడు," అన్నాడు.

బండి మళ్ళీ ముసలాయన అయింది. దీవెనను ఉప్పల్ సిగ్నల్ దగ్గర స్కూటీలు దాటిపోతున్నాయి. "ఇయ్యాల ఒకామె టమాటలు గొనుక్కుంట దాటిపోయింది," అని చెబుతుంది. నవ్వుతుంది. సాయంత్రం కింద తాళం తీస్తుంది, లోపల చక్రం ఇంకాస్త దొర్లి సద్దుమణుగుతుంది. ఆ దొర్లుడు ఇనుముదే. ఇంకెవరిదీ కాదు. నేను పెనం పెడతాను.

చెక్కిన చక్రాలను పారేయడానికి చేతులు రాలేదు. గోనెసంచిలో చుట్టి మెట్ల కింద పెట్టాం. వానాకాలం ఇనుముకు తుప్పు పట్టాలి కదా. పట్టలేదు. తుడిచినట్టే ఉంటాయి. దీవెన మెట్లెక్కుతూ ఫోన్లో ఎంత గలగలా మాట్లాడుతున్నా, అక్కడికి వచ్చేసరికి గొంతు ఆపేసి, పై మెట్టు మీద మళ్ళీ అందుకుంటుంది. నా నోటి సంగతి మీకు తెలిసిందే. అందుకని వాన పడే మధ్యాహ్నాలు కిందికి దిగేటప్పుడు ముందే ఒక వక్కపలుకు బుగ్గన పెట్టుకుంటాను. వాడి పేరు నాలుక మీదికి రాకుండా, మెట్లు దాటేదాకా నములుతూ ఉంటాను.